చిమ్టా చెప్పిన ఐదు శ్రుతి

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని విషయాలు కూడా ఉంటాయన్న సంగతి నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో బీకాం పట్టా, జేబులో దువ్వెన. ఎవరేం అడిగినా, అడగడం పూర్తి కాకముందే "ఔ, తెలుసు" అనేసేవాణ్ణి. ఇప్పుడు నన్నెవరైనా స్టేషన్‌కి దారి అడిగినా కాసేపు ఆలోచించి గానీ చెప్పను. ఈ మార్పు ఊరికే రాలేదు. చాలా అవమానాలు పడ్డాక వచ్చింది. వాటిలో ఒకటి మాత్రం ఇక్కడ చెప్పుకుంటాను. (మిగతావి తాను రాస్తానని మా ఆవిడ ఉబలాటపడుతోంది. నేను బతికుండగా అది జరగదు.)

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి నాంపల్లి స్టేషన్ వైపు నడిస్తే ఒక సందు వస్తుంది. ఆ సందులో జిరాక్స్ కొట్టుకూ, సూట్‌కేసులు రిపేరు చేసే కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఒక సంగీత వాయిద్యాల కొట్టు ఉండేది. ఎటు తిరిగినా మోచెయ్యి తగిలి ఏదో ఒకటి మోగేంత ఇరుకు. యజమానిని అందరూ సాబ్ అనేవారు. అరవై దాటిన మనిషి. బజార్లో బస్సు హారన్ కొడితే అది ఏ స్వరంలో ఉందో చెప్పి, "పావు సుర్ తక్కువున్నది" అని బాధపడేవారు. మా చిన్నాయన ఆటో నడిపేవాడు, సాబ్ ఆయనకు రోజూ ఎక్కే సవారీ. "మావోడు ఊర్ల భజనలల్ల ఉంటడు సాబ్" అని నన్ను తీసుకెళ్ళి కొట్లో నిలబెట్టాడు. భజనల్లో నేను కొట్టింది చిడతలు మాత్రమేనని మా చిన్నాయన చెప్పలేదు. "సుర్ తెలుసా బేటా?" అని సాబ్ అడిగారు. నేనేమన్నానో మీకు తెలుసు.

నిజానికి నా చెవికి స్వరానికీ స్వరానికీ తేడా తెలిసేది కాదు. కానీ కొట్లో ఒక యంత్రం ఉంది. బట్టలు ఆరేసే క్లిప్పు కంటే కాస్త పెద్దది, నల్లగా ఉంటుంది, తల మీద అగ్గిపెట్టెంత తెర. గిటార్ మెడ చివర దాన్ని కరిపించి తీగ మీటితే, ఆ కొయ్య అదురును పట్టుకుని తెర మీద ఇంగ్లీషు అక్షరం చూపిస్తుంది. శ్రుతి తక్కువైతే ముల్లు ఎడమకు, ఎక్కువైతే కుడికి, తెరంతా ఎర్రగా. సరిగ్గా కుదిరితే ముల్లు నడిమధ్యకు వచ్చి తెర పచ్చగా వెలుగుతుంది. ట్యూనర్ అని దాని పేరు. సాబ్ మాత్రం దాన్ని చిమ్టా అనేవారు. పొయ్యి మీద రొట్టెలు తిప్పే పట్టకారంటే ఎంత గౌరవమో దీనికీ అంతే. "గిది కండ్లున్నోళ్ళకు. చెవులున్నోళ్ళకు గాదు" అని తాను ముట్టుకునేవారు కాదు. నాకు మాత్రం అది ప్రాణం. గిటార్‌కు ఏ తీగకు ఏ అక్షరమో సాబ్ కాగితం మీద రాసిచ్చారు. కాగితం చూడటం, తీగ బిగించే బిరడా తిప్పడం, పచ్చ దీపం రావడం, అంతే. కాలేజీ పిల్లలు వచ్చి "అన్నా, ట్యూన్ చేయవా" అంటే, ఒక కన్ను మూసి, తల పక్కకు వాల్చి, ఏదో నాదబ్రహ్మను వింటున్నట్టు ముఖం పెట్టి, ఇంకో కంటితో తెర చూస్తూ చేసిచ్చేవాణ్ణి.

ఆ యంత్రం నన్ను పెట్టిన బాధలు కూడా చెప్పాలి. ముల్లు మధ్యకు వచ్చే క్షణానికి సరిగ్గా తనంతట తాను ఆరిపోయేది. బ్యాటరీ పొదుపట! పక్క కొట్టులో జిరాక్స్ మిషన్ తిరిగితే మా అద్దాల బల్ల అదిరేది, బల్ల మీది గిటార్ అదిరేది, చిమ్టా ఎవరూ మీటని తీగకు కూడా అక్షరం చెప్పేది. పరీక్షల కాలంలో అయితే జిరాక్స్ ఆగదు, నా ముల్లు నిలవదు. ఒకరోజు ఆ జిరాక్స్ ఆయన దగ్గరకు వెళ్ళి "జర మిషన్ ఆపుతవా అన్నా, గిటార్ చేసుకుంట" అంటే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వే జర గిటార్ బందు పెట్టు" అన్నాడు.

ఇలా ఉండగా బీదర్‌లో సాబ్ కూతురికి కాన్పు వచ్చింది. నెల రోజులు అక్కడే ఉంటానని సాబ్ బయల్దేరుతూ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "దేఖో బేటా. గిటార్ వస్తే చేయ్. తంబూర, వీణ, సితార్ వస్తే పక్కకు పెట్టి నేను వచ్చినంక రమ్మను. నువ్వు ముట్టకు. సమ్‌ఝా?" సమ్‌ఝా అన్నాను. అర్థమైంది కూడా. కానీ అర్థం కావడం వేరు, ఆగడం వేరు.

సాబ్ వెళ్ళిన నాలుగో రోజున టీచరమ్మ వచ్చారు. కోస్తా వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి యాభై ఏళ్ళుగా నాంపల్లి స్టేషన్ వెనకాల ఉంటున్నారు. ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు, వయసు డెబ్బై. పాత పట్టుచీరతో కుట్టిన గలీబులో తంబూరాను పసిపిల్లలా ఎత్తుకుని ఆటో దిగి, సాబ్ లేరంటే ఉసూరుమని స్టూలు మీద కూర్చున్నారు. ఏటా దసరా ముందు ఆదివారం సుల్తాన్ బజార్ దగ్గర ఒక చిన్న హాల్లో ఆవిడ కచేరీ ఉంటుంది. నలభై ఏళ్ళుగా తప్పలేదట. "ఇదే ఆఖరు నాయనా. హాలు వాళ్ళకి చెప్పేశాను. గొంతు పైకి పోవడం లేదు. పై స దగ్గరికి వెళ్ళేసరికి జీర వచ్చేస్తోంది. ఈ ఒక్కసారికీ ఎలాగో పాడేసి మానేస్తాను. కనీసం తంబూరా అయినా శుభ్రంగా ఉండాలని తెచ్చాను" అన్నారు. తీగలు తుప్పు పట్టాయి, బిరడాలు జారుతున్నాయి. సాబ్ వచ్చేసరికి కచేరీ అయిపోతుంది. ఆవిడ నా వంక చూసి, "నీకేమైనా తెలుసా నాయనా, ఐదు శ్రుతికి పెట్టడం?" అని అడిగారు.

"ఔ, తెలుసు" అన్నాను.

ఇక్కడ కాస్త వివరం కావాలి. మన పాటవాళ్ళు గొంతు ఎత్తును అంకెల్లో చెప్పుకుంటారు. ఒకటి శ్రుతి, రెండు శ్రుతి, అలా. అంకె పెరిగితే శ్రుతి పెరిగినట్టు. సాధారణంగా మగవాళ్ళు ఒకటి దగ్గర, ఆడవాళ్ళు ఐదు దగ్గర పాడుకుంటారు. నా యంత్రానికి మాత్రం అంకెలు రావు, ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. ఐదుకు ఏ అక్షరం? నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఒకటి అంటే ఏ. రెండు బీ. మూడు సీ, నాలుగు డీ. ఐదు అంటే, ఈ. ఎల్కేజీ పిల్లవాడు కూడా చెప్తాడు కదా! తంబూరాలో 'స'తో పాటు 'ప' తీగ కూడా ఉంటుందని చూసి తెలుసు కాబట్టి, ఈ అక్షరానికి జోడీ ఏదని ఫోన్‌లో వెతికాను. బీ అని చెప్పింది. ఇంతకీ ఐదు శ్రుతి అంటే ఏ అక్షరమని మాత్రం ఫోన్‌ను అడగలేదు. తెలిసిన సంగతి ఎవరైనా అడుగుతారా?

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ తంబూరాతో కుస్తీ పట్టాను. కొత్త తీగలు కట్టాను. బిరడాలకు సుద్దముక్క రాశాను. తిప్పితే నిలవవు, వదిలితే గిర్రున వెనక్కి తిరుగుతాయి. చిమ్టా ఎర్రగా వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ వెలిగిస్తే పక్కన జిరాక్స్ మొదలవుతుంది. చివరికి ఒకదాని తర్వాత ఒకటి నాలుగు తీగలూ పచ్చ దీపం పట్టాయి. తీగలు కాస్త వదులుగా ఉన్నట్టనిపించింది. కొత్తవి కదా అని సర్దిచెప్పుకున్నాను. టీచరమ్మ వచ్చి తంబూరా ఒళ్ళో పెట్టుకుని మీటారు. కళ్ళు మూసుకున్నారు. "ఎంత హాయిగా ఉందిరా నాయనా" అన్నారు. నేను ముఖం మీద వినయం పెట్టుకున్నాను.

రెండో రోజు ఉదయమే ఫోన్. "పలికిందయ్యా! పై స పలికింది! జీర లేదు, ఏమీ లేదు. పదేళ్ళ కిందట ఎలా ఉండేదో అలాగే ఉంది. నీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ..." ఆవిడ గొంతులో ఏడుపు, నవ్వు కలిసి ఉన్నాయి. హాలు వాళ్ళకు మళ్ళీ ఫోన్ చేసి, ఇది ఆఖరి కచేరీ కాదని చెప్పేశారట. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

టీచరమ్మ చెబితే వినేవాళ్ళు నాంపల్లి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఉన్నారు. వారం తిరిగేసరికి భజన మండలి ఆడవాళ్ళు, రిటైరైన బ్యాంకు ఆఫీసరుగారు, ఆస్తమా ఉన్న ఒక పెద్దాయన, అందరూ తంబూరాలు పట్టుకుని కొట్టు ముందు వరుస కట్టారు. ఎవరు ఏ అంకె చెప్పినా నా లెక్క ప్రకారం అక్షరం వేసి ఇచ్చాను. అందరికీ గొంతులు బాగుపడ్డాయి! బ్యాంకు ఆఫీసరుగారైతే మిఠాయి పొట్లం తెచ్చి, "కొందరి చేతికి అలా ఉంటుందండీ" అని నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. ఒకావిడ తన గొంతు నొప్పికి ఏం తాగాలో చెప్పమంది. మిరియాల పాలు తాగమన్నాను. (అదీ తెలుసు.) వచ్చినవాళ్ళకు నాదం గురించి ఉపన్యాసాలు కూడా ఇచ్చేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కచేరీ ఆదివారమనగా బుధవారం మధ్యాహ్నం మృదంగం అన్న వచ్చాడు. టీచరమ్మకు ఇరవై ఏళ్ళుగా పక్కన వాయించేది అతనే. మా వైపు మనిషే, మాట కరుకు, చెయ్యి మెత్తన. తన ఐదు శ్రుతి మృదంగానికి చుట్టూ బిగించే తోలు బారు కొంచెం సాగిందని, సరిచేసుకోవడానికి సుత్తి కోసం వచ్చాడు. మృదంగానికి శ్రుతి ఇష్టం వచ్చినట్టు మార్చడానికి కుదరదు, ఐదుకు ఒకటి, మూడుకు ఒకటి వేరే వేరే ఉంచుకుంటారు. బల్ల మీద నేను అప్పుడే ముగించిన భజన మండలి తంబూరా ఉంది. "గిది ఐదేనా? దీంతోనే చూసుకుంట" అని దాన్ని మీటి, మృదంగం మీద ఒక దెబ్బ వేశాడు. ముఖం చిట్లించాడు. మళ్ళీ మీటాడు, మళ్ళీ కొట్టాడు.

"ఏందిది? ఐదంటివి, గిది మూడు గదా?"

"ఐదే అన్నా. మిషన్ చూడు, ఈ అని వస్తున్నది."

"ఈ వస్తే మూడైతది."

"ఎట్లైతది? ఏ, బీ, సీ, డీ, ఈ. లెక్క పెట్టుకో." వేళ్ళు మడిచి చూపించాను కూడా.

అతను చిమ్టాను తీసి షోకేసులో ఉన్న హార్మోనియం అంచుకు కరిపించి, తిత్తి ఊది, ఒకటి శ్రుతి మెట్టు నొక్కాడు. తెర మీద సీ అని పచ్చగా వెలిగింది. ఐదు నొక్కాడు. జీ.

"ఒకటంటే సీ రా అయ్యా!"

"మరి ఏ తోని ఎందుకు మొదలువెట్టరు?"

"గది ఇంగ్లీషోళ్ళనడుగు పో!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి మృదంగం మీద వాలి, కండువాతో కళ్ళు తుడుచుకుని, "ఎన్ని చేసినవ్ గిట్ల?" అన్నాడు. పదకొండు అన్నాను. మళ్ళీ నవ్వు. ఏ అంకె చెప్పినా నేను దాదాపు రెండు మెట్లు దించి ఇచ్చాను. అందుకే ముసలివాళ్ళందరికీ పై స్వరాలు అందాయి. నా చేతి మహిమ అంతా అదే!

అతని నవ్వు హఠాత్తుగా ఆగిపోయింది. "అమ్మది గూడ నువ్వే చేసినవా?" అన్నాడు. తల ఊపాను. అతను స్టూలు మీద కూర్చున్నాడు. "ఐదు పలుకుతుందని అమ్మ ఊరంత చెప్పింది. శిష్యురాళ్ళు, బంధువులు, అందర్ని పిలిచింది. ఆదివారం నేను ఐదు మృదంగం పట్టుకొని కూసుంటే, స్టేజి మీద తంబూరతోని కలువది. వయొలిన్ ఆయనకు ఒక్క నిమిషంల తెలుస్తది. అందరి ముంగట అమ్మ మొకం ఏంగావాలె? పోనీ నాకై నేనే మూడు తీస్కపోతే, నాకు తెలిసే తెచ్చిన్నని ఆమెకు ఎరుకైతది. వద్దు. చేసినోనివి నువ్వు. నువ్వే పోయి చెప్పు."

"నువ్వొస్తవా అన్నా?"

"నేను రాను" అని సుత్తి కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు.

గురువారం కొట్టు మూసి టీచరమ్మ ఇంటికి బయల్దేరాను. సాక్ష్యానికి చిమ్టా జేబులో పెట్టుకున్నాను. నడిస్తే పది నిమిషాల దూరం, నేను గంట నడిచాను. స్టేషన్ ముందు రెండుసార్లు ఇరానీ చాయ్ తాగాను. నా మీద నాకే చిరాకు, యంత్రం మీద చిరాకు, ఒకటిని సీ తో మొదలుపెట్టిన ఆ మహానుభావుడెవరో వాడి మీద ఎక్కువ చిరాకు. తలుపు తీసిన టీచరమ్మ నన్ను చూసి, "రా నాయనా రా, నీ గురించే చెప్తున్నాను" అని లోపలికి లాగారు. ఉప్మా ప్లేటు చేతికిచ్చారు. నేను "అమ్మా, తంబూర..." అన్నాను. "అద్భుతంగా ఉంది!" అన్నారు. కాఫీ తెచ్చారు. "అమ్మా, ఆ ఐదు..." అన్నాను. "ఐదులోనే! నలభై మందికి ఫోన్ చేశాను. మా రెండో చెల్లెలు విజయవాడ నుంచి వస్తోంది, ఇక పాడలేవు మానెయ్యి అన్నది అదే. వచ్చి వినమన్నాను" అన్నారు. మూడోసారి నోరు తెరిస్తే ఫోన్ మోగింది. ఎవరో శిష్యురాలు. ఆవిడతోనూ నా చేతి గురించే మాట్లాడారు. ఉప్మా ప్లేటు కింద పెట్టేశాను.

ఫోన్ పెట్టగానే ఒక్క గుక్కలో చెప్పేశాను. "అమ్మా, తంబూర ఐదు మీద లేదు. మూడు మీదున్నది. ఒకటంటే ఏ అనుకున్న. తప్పంత నాదే. సాబ్ ముట్టొద్దన్నడు, ముట్టిన. నాకు శ్రుతి తెల్వది. నాకేం తెల్వదమ్మా."

ఆ మాట నా జీవితంలో అదే మొదటిసారి అనడం. కింద ప్లాట్‌ఫారం మీద ఏదో బండి బయల్దేరుతున్నట్టు కూత వినిపించింది. టీచరమ్మ అది పోయేదాకా ఆగి, మూలనున్న తంబూరా తెచ్చుకుని మీటారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"మూడే" అన్నారు. ఇంకోసారి మీటి, "మూడే" అన్నారు. తర్వాత దాన్ని నాకిచ్చి, "ఐదుకి పెట్టు. ఐదంటే జీ. ఇప్పుడైనా తెలిసిందా?" అన్నారు.

ఒక బిరడా జారింది. చిమ్టా రెండుసార్లు ఆరిపోయింది. గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. చివరికి జీ పచ్చగా వచ్చింది. తీగలు బిగిసి తంబూరా కణకణలాడుతోంది. ఆవిడ గొంతు సవరించుకుని కింది స నుంచి మెల్లగా ఎక్కారు. ప దాటారు, ధ దాటారు, ని దగ్గర గొంతు సన్నబడింది, పై స దగ్గర తెగిపోయింది. నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కారు. మళ్ళీ అక్కడే తెగింది. నేను తల ఎత్తలేదు. అంత మంచి మనిషిని నా ఎదుట, నా వల్ల, అలా నిలబెట్టానని ఏడుపొచ్చింది.

మూడోసారి ఆవిడ ప్రయత్నించలేదు. "ముప్ఫై ఏళ్ళు సంగీతం టీచర్ని. శ్రుతి తప్పిన పిల్లల చెవులు పిండాను. ఐదుకీ మూడుకీ తేడా నా చెవికి తెలీలేదంటే నేనే నమ్మను. మీటగానే తెలిసే ఉంటుంది నాయనా. నేనే వినదల్చుకోలేదు" అన్నారు. కాసేపటికి, "దించు" అన్నారు.

"అమ్మా?"

"మూడుకి దించు. ముందు నీ చెవి ఇలా తే." తెచ్చాను. పిండారు. డెబ్బై ఏళ్ళ వేళ్ళలో అంత బలం ఉంటుందని నేననుకోలేదు. రెండో చెవి కూడా పిండాక, ఫోన్ తీసి మృదంగం అన్నకు చేశారు. "ఏమయ్యా, ఆదివారం మూడు శ్రుతి మృదంగం తెచ్చుకో." అవతల నుంచి అతని గొంతు గది అంతా వినబడింది. "అమ్మా, నాలుగేండ్ల సంది రెండూ తెస్తనే ఉన్న. ఐదుది స్టేజి మీదికి తెస్త, మూడుది ఆటోల ఉంచుత. నువ్వు ఎప్పుడన్న అడుగుతవేమోనని." టీచరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "అడుగుతున్నాను కదా, తీసుకురా" అన్నారు.

నాకు శిక్ష, ఆదివారం ఆవిడ వెనక కూర్చుని తంబూరా వేయడం. హాలు నిండింది. విజయవాడ చెల్లెలుగారు మొదటి వరుసలో, నా చేతి మహిమ పొందిన పదిమందీ రెండో వరుసలో కూర్చున్నారు. పాడబోయే ముందు టీచరమ్మ మైకు దగ్గరకు తీసుకుని, "ఐదులో పాడతానని అందరికీ చెప్పాను. పాడలేను. ఇవాళ మూడులో పాడతాను. ఇది నాకు చెప్పడానికి నాలుగేళ్ళుగా మా వాళ్ళకెవరికీ ధైర్యం చాల్లేదు. ఈ అబ్బాయొక్కడే చెప్పాడు. అదీ ఒకటంటే ఏ అనుకుని, ఐదు పెట్టబోయి" అన్నారు. మృదంగం అన్న ముందు నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. నేను తంబూరా వెనక దాక్కుందామని చూశాను. తంబూరా మెడ సన్నగా ఉంటుంది, ఎవరినీ దాచదు. రెండో వరుసలో బ్యాంకు ఆఫీసరుగారు మాత్రం నవ్వలేదు. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క పెట్టుకుంటున్నారు.

తర్వాత ఆవిడ పాడారు. ఆ రెండు గంటల్లో పై స ఎన్నిసార్లు తాకారో నేను లెక్కపెట్టలేదు. తాకిన ప్రతిసారీ అక్కడ హాయిగా కూర్చున్నారు, తొందరపడి దిగలేదు. చెల్లెలుగారు కళ్ళు తుడుచుకున్నారు. నా చెవికి సంగీతం మొదటిసారి వినబడింది ఆ రోజే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

సాబ్ బీదర్ నుంచి వచ్చి బస్సు దిగేసరికే ఆయనకు కథంతా అందింది. "తంబూర ముట్టకు అన్ననా లేదా? కొట్టు పరువు మూసీల కలిపినవ్!" అని గంటసేపు తిట్టారు. ఆ పదిమందికీ ఫోన్లు చేసి, తంబూరాలు తెస్తే సాబ్ స్వయంగా సరిచేసి అసలు శ్రుతికి పెంచి ఇస్తారని చెప్పమన్నారు. చేశాను. బ్యాంకు ఆఫీసరుగారు తాను ఊళ్ళో ఉండటం లేదన్నారు. (అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూస్తూ ఆ ఆదివారమే నాకు ఎదురుపడి, పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.) ఆస్తమా పెద్దాయన, ఇప్పుడేం ఇబ్బంది లేదు కదా, వదిలేయమన్నారు. భజన మండలి వాళ్ళు అసలు ఫోనే ఎత్తలేదు. సాబ్ వారం రోజులు గుమ్మం వైపు చూశారు. ఒక్క తంబూరా కూడా రాలేదు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. సాబ్ ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు, కొట్టు నేనే చూసుకుంటున్నాను. ఆ ఏడాది నుంచే ఆదివారం పొద్దున్నే టీచరమ్మ ఇంట్లో సరళీస్వరాలు మొదలుపెట్టాను. బడిపిల్లలతో కలిసి కూర్చుని, వాళ్ళకంటే ఎక్కువ చెవులు పిండించుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు చెవి కుదిరింది. కళ్ళు మూసుకుని నాలుగు తీగలూ కలుపుతాను, బజార్లో బస్సు హారన్ తక్కువైతే బాధ కూడా పడతాను. టీచరమ్మ కచేరీ ఆగలేదు. నాలుగైదేళ్ళకొకసారి శ్రుతి మాత్రం ఒక్కో అడుగు దిగుతోంది. మూడు రెండున్నర అయింది. దానికావిడ ఇప్పుడు సిగ్గుపడటం లేదు.

పోయిన దసరా ముందు మళ్ళీ ఆటో దిగి, స్టూలు మీద కూర్చుని, "ఈసారి రెండు చేసెయ్ నాయనా" అన్నారు. నేను చిమ్టా జోలికి పోలేదు. తంబూరా ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గరగా వంచి, ఒక్కొక్క తీగా మెల్లగా దించుకుంటూ కలిపాను. నాలుగు తీగలూ ఒక్కటై మోగుతుంటే ఆవిడకిచ్చి, మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆవిడ విన్నారు. తల కూడా ఊపారు. తర్వాత కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూసి, "బాగానే ఉంది. ఎందుకైనా మంచిది, ఆ మిషన్ పెట్టి చూడు. నిన్ను నేను నమ్మను" అన్నారు.

పెట్టాను. డీ, పచ్చగా వెలిగింది. ఆవిడ ముందుకు వంగి, "డీ అంటే ఎంత?" అని అడిగారు. రెండని చెప్పడానికి నేను కాసేపు ఆలోచించాను.